అబీగయీలు భర్తకు చెప్పలేదు

అక్టోబరు 4, ఆదివారం

ఈ గురువారం మా ఇంట్లో నేను నడిపే స్త్రీల కూడికకు పాస్టర్ ఇచ్చిన వాక్యభాగం పేతురు మొదటి పత్రిక, మూడో అధ్యాయం. భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్నది. ఏటా ఈ రోజుల్లో ఇదే ఇస్తాడు. ఆపిల్ కోతలు అయిపోయి మగవాళ్ళు ఇంటిపట్టున ఉండే కాలం కదా, ముందు జాగ్రత్త కాబోలు.

పద్ధతి మామూలే. భాగం చదవాలి, అర్థం చెప్పుకోవాలి, ఆఖరున ఒక్కొక్కరూ ‘ఈ వారం నేను చేసేది’ అని ఒక మాట చెప్పాలి. చదివి ఊరుకునేవాడు అద్దంలో మొహం చూసుకుని మరిచిపోయినవాడితో సమానమని పాస్టర్ తాలాయ్ అన్న అంటాడు. ఈ పద్ధతి నాకు ఇష్టం. బజార్లో ఉన్ని సాక్సులూ శాలువాలూ అమ్ముకునేదాన్ని. చేత్తో పట్టుకోవడానికి వీల్లేని మాట నాకు ఎక్కదు.

మా ఆయన మక్సాత్ బంగాళాదుంపల బస్తాలు నేలమాళిగలోకి దించాడు. నడుం పట్టేసిందట.

అక్టోబరు 8, గురువారం

కూడిక బాగా జరిగింది.

నా తోడికోడలు జిపార్ గడ్డం దాకా స్కార్ఫ్ చుట్టుకుని వచ్చింది. పొయ్యి రాజేసి ఉంది, గదంతా వెచ్చగా ఉంది. సంఘంలో అందరికీ పెద్దమ్మ అయిన తమారా ఊరుకుంటుందా!

“ఏమే పిల్లా, నీ ఒక్కదాని మీదే మంచు కురుస్తోందా?”

“గొంతు నొప్పి పెద్దమ్మా,” అని నవ్వింది జిపార్.

తన వంతు వచ్చినప్పుడు, “ఈ వారం నేను నోరు అదుపులో పెట్టుకుంటాను,” అంది. చాలా వినయం గల పిల్ల. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

గొంతు నొప్పి అంది కానీ గొంతు మామూలుగానే ఉంది.

అక్టోబరు 9

నాకేమీ అనుమానం లేదు.

అక్టోబరు 11, ఆదివారం

ఆరాధనలో ఉర్మత్ కోముజ్ వాయించి పాడాడు. వాడు పాడితే కొత్తగా వచ్చినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటారు. మూడు తీగల మీద ఆ వేళ్ళు ఎంత మెత్తగా నడుస్తాయో! అత్తగారు పోయేనాటికి వాడు చిన్నవాడు. మరిది అన్న మాటే గానీ పెంచింది నేనే. ఆ గొంతు మారడం నా వంటింట్లోనే విన్నాను.

జిపార్ రాలేదు. జ్వరమన్నాడు. ఆరాధన అయ్యాక గిన్నెలో నూడుల్స్ పులుసు పోసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఉర్మత్ పాస్టర్ ఇంట్లో పాటలు నేర్పుతున్నాడు.

తలుపు తట్టాను. తీయలేదు. మళ్ళీ తట్టాను.

“తాళం బయట ఉందక్కా,” అంది లోపలి నుంచి.

చూశాను. నిజమే. తాళం ఎదురుగా నిలబడి తలుపు తడుతున్నాను.

కిటికీ తీసింది. స్కార్ఫ్ లేదు. మెడ మీద వేళ్ళ గుర్తులు. కొన్ని పచ్చబడ్డవి, కొన్ని ఇంకా నల్లగా ఉన్నవి. అంటే ఒక్కసారి పడ్డవి కావు.

“ఎప్పటి నుంచి?”

“పులుసు చల్లారిపోతుంది. ఇలా ఇవ్వు.”

“జిపార్, నిన్నే అడుగుతున్నా.”

గిన్నె అందుకుని, కిటికీ గట్టు మీద పెట్టి, మూత సర్దింది. “అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి ఒంట్లో బాగాలేదని తెలిసింది. ముస్లిముల ఇంటితో నీకేం పని అన్నాడు. నేనూ ఊరుకోలేదులే, మీ అన్నావదినలు కూడా ఒకప్పుడు ముస్లిములే కదా అన్నాను. తప్పు నాదే.” మూత మళ్ళీ సర్ది, “నువ్వు గురువారం చెప్పావు కదక్కా, మాట లేకుండా నడవడి వల్లే భర్త మారతాడని. నేను ప్రయత్నిస్తున్నా. కొంచెం టైం పడుతుంది, అంతే.”

నేను చెప్పాను. అవును, నేనే చెప్పాను. నా ఇంట్లో, నా పొయ్యి పక్కన కూర్చుని.

అక్టోబరు 12, సోమవారం

ఆ అధ్యాయం మళ్ళీ చదివాను. మొదటి వచనం వాక్యం వినని భర్తల గురించి. ఉర్మత్ వాక్యం వినడమే కాదు, రాగం కట్టి పాడతాడు. ఏడో వచనం భర్తలకి. భార్యను గౌరవించకపోతే నీ ప్రార్థనలకు అడ్డం వస్తుందని పేతురు మొహమాటం లేకుండా చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ ఏడో వచనం మగవాళ్ళ కూడికకు ఎవరూ ఇవ్వలేదు. మేం ఆరు దగ్గర ఆగిపోతాం. పేజీ అక్కడితో అయిపోయినట్టు.

మక్సాత్‌కి చెప్పాను. టీ తాగుతూ విన్నాడు. సగం కప్పే పోశాను; మా దగ్గర నిండా పోస్తే ఇక లేవమని అర్థం.

“మొగుడూ పెళ్ళాల మధ్య...” అని మొదలుపెట్టాడు.

“మధ్య తాళం ఉంది,” అన్నాను.

కప్పు కింద పెట్టాడు. నా మొగుడు సంఘ పెద్ద. ఏదైనా పద్ధతి ప్రకారం జరగాలి. “తాలాయ్ అన్నతో మాట్లాడతాను. పెద్దలం కూర్చుంటాం. తప్పు చేసినవాణ్ణి పిలిచి గుట్టుగా మందలించమని మత్తయి పద్దెనిమిదిలో ఉన్నట్టే చేద్దాం. నువ్వు మాత్రం ఎక్కడా నోరు జారకు.”

జిపార్ కూడా నోరు అదుపులో పెట్టుకుంటానంది. ఆడవాళ్ళ నోళ్ళకి ఎంతమంది కాపలా!

నాకు కోపం లేదు. ఇది న్యాయమైన బాధ.

అక్టోబరు 14, బుధవారం

పెద్దలు కూర్చున్నారు. మక్సాత్ వచ్చి, బూట్లు విప్పుతూ, “మంచి పని జరిగింది,” అన్నాడు. మొహంలో నిజంగానే వెలుగు.

ఉర్మత్ ఏడ్చాడట. మోకాళ్ళ మీద పడ్డాడట. అందరూ వాడి తల మీద చేతులుంచి ప్రార్థించారట. ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్నాడు కదా ప్రభువు, క్షమించేశారట.

“ఎవరు క్షమించారు?”

“అందరం.”

“దెబ్బలు తిన్నది మీరందరూ కాదుగా.”

“జిపార్‌ని కూడా పిలిచాం కనిషాయ్. ఆ అమ్మాయి కూడా అడిగింది.”

“ఏమడిగింది?”

మక్సాత్ బూటు తాడు ముడి విప్పడంలో పడ్డాడు. “క్షమాపణ. కోపం తెప్పించినందుకు.”

చేతిలో పళ్ళెం ఉంది. అది పగలగొట్టాను. అత్తగారిది. పర్వాలేదు.

పాస్టర్ రేపటి కూడికకు కబురు పంపాడు: మత్తయిలోని క్షమించని సేవకుడి ఉపమానం. ఆడవాళ్ళందరికీ ఈ సమయంలో చాలా ఉపయోగపడుతుందట.

అక్టోబరు 15, గురువారం

ఉపమానం చెప్పలేదు. సమూయేలు మొదటి గ్రంథం ఇరవై ఐదు తీశాను. నాబాలు మూర్ఖుడు, తాగుబోతు. వాడి నోటి దురుసుకి దావీదు కత్తి కట్టుకుని బయల్దేరాడు. ఇల్లంతా తెల్లారేసరికి చచ్చేది. అప్పుడు వాడి భార్య అబీగయీలు రొట్టెలూ ద్రాక్షారసమూ గాడిదల మీద వేయించి తానే ఎదురెళ్ళింది.

“మొగుణ్ణి అడిగిందా?” తమారా పెద్దమ్మ.

“లేదు. భర్తకు చెప్పలేదని రాసి ఉంది.”

“ఏదీ, చూపించు.” అద్దాలు పెట్టుకుని, వచనం కింద వేలు జరుపుకుంటూ చదివింది. ‘మా అమ్మమ్మ నాటి నుంచి విశ్వాసులం’ అని చెప్పుకునే మనిషి. ఆ విశ్వాసం కోసమే వాళ్ళ తాతని అప్పటి ప్రభుత్వం రైలెక్కించి ఈ దేశానికి తోలేసింది. “నా బతుకంతా ప్రసంగాలే విన్నాను. దీని మీద ఒక్కడూ నోరెత్తలేదు,” అంది.

అప్పుడు చెప్పేశాను. తాళం గురించి, మెడ గురించి, మోకాళ్ళ మీద పడినవాడి గురించి, క్షమాపణ అడిగినదాని గురించి. పేర్లతో సహా. ఒకావిడ ఏడ్చింది. పాస్టర్ భార్య ఐనూర సంచీ సర్దుకుని, “ఇది కూడికా, కోర్టా?” అని లేచిపోయింది.

ఆఖర్న ఎవరూ ఏమీ చెప్పలేదు. తమారా ఒక్కతే: “ఈ వారం నేను చేసేది చెప్తా. జిపార్ గుమ్మం ముందు స్టూలేసుకుని కూర్చుంటా. అల్లికకి వెలుతురు అక్కడ బావుంటుంది.”

అక్టోబరు 16

కూర్చుంది! దారిన పోయేవాళ్ళంతా ఇక్కడేం చేస్తున్నావు పెద్దమ్మా అని అడుగుతుంటే, “తాళానికి కాపలా కాస్తున్నా,” అందట. మధ్యాహ్నానికల్లా ఉర్మత్ వచ్చి తాళం తీసేశాడు.

అక్టోబరు 17, శనివారం

బజారు రోజు. పాస్టర్ నా కొట్టు ముందుకొచ్చి శాలువా ఒకటి తీసి చూశాడు.

“అమ్మకాలెలా ఉన్నాయి కనిషాయ్?”

“చలి ముదిరితే ఉంటాయి. చెప్పండన్నా.”

“నేను నీకిచ్చింది మత్తయి.”

“నేను తీసుకున్నది సమూయేలు. ఒకే పుస్తకంలోవే.”

నవ్వలేదు. శాలువా మడత పెట్టి యథాస్థానంలో ఉంచాడు. “ఈ ఊళ్ళో మనం ఎలా బతికామో నీకు తెలుసు. యేసుని నమ్మాడని మా నాన్నని పాతిపెట్టడానికి శ్మశానంలో చోటివ్వలేదు. శవాన్ని బండిలో పెట్టుకుని రెండు ఊళ్ళు తిరిగాను. ఇన్నాళ్ళకి నలుగురు మనల్ని మనుషుల్లా చూస్తున్నారు. ఇప్పుడీ సంగతి మసీదు దాకా వెళ్తే? వాళ్ళ దేవుడు వాళ్ళనేం మార్చాడని నవ్వరా?”

ఆ బండి వెనక నేనూ నడిచాను. అతని కళ్ళలో తడి చూసి మెత్తబడబోయాను. అక్కడే ఇంకా మండింది.

“మీ నాన్నగారు పోయాక చోటు దొరకలేదు. జిపార్‌కి బతికుండగానే దొరకడం లేదు,” అన్నాను.

“కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో. కూడిక ఐనూర నడుపుతుంది.”

విశ్రాంతి! నాకు! పొద్దుటి నుంచి సాక్సులన్నీ తప్పు జతలు కట్టాను.

అక్టోబరు 20, మంగళవారం

పొద్దున్నే జిపార్ కొట్టుకొచ్చింది. ఎడమవైపు నుంచి పిలిస్తే తిరగలేదు. మళ్ళీ పిలిచాను. తిరగలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“ఆ చెవిలో తేనెటీగలు, అక్కా. నిన్న సాయంత్రం నుంచి.”

కూడికలో తన మొగుడి పేరు బయటపెట్టించిందట. అందుకట. జిపార్ అక్కడ లేనేలేదు. ఆ పేరు బయటపెట్టింది నేను.

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చెవి పొర చిరిగిందని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. ఇంటికి తీసుకొచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టాను. మక్సాత్‌తో చెప్పాను: “ఇది ఇక్కడే ఉంటుంది. మరో మాట లేదు.” సరే అన్నాడు. కొట్టు తెరిచే వచ్చాను కాబట్టి కట్టేసి వద్దామని వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పరుపు ఖాళీ.

“ఏదీ?”

“ఉర్మత్ వచ్చాడు. ద్రాక్షపళ్ళు తెచ్చాడు. బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. నేనే స్వయంగా గేటు దాకా దిగబెట్టి వచ్చాను. అంతా బాగానే ఉంది.”

“ఆమె వెళ్తానందా?”

“వద్దనలేదు.”

ద్రాక్షపళ్ళు బల్ల మీదే ఉన్నాయి. కోళ్ళకి వేశాను.

అక్టోబరు 21

దేవా, వాళ్ళ నోళ్ళలోని పళ్ళు విరగ్గొట్టు. నా మాట కాదు, కీర్తనల్లో ఉంది. ఎవరైనా అడిగితే అధ్యాయం చూపిస్తాను.

అక్టోబరు 22, గురువారం

మా ఇంట్లో కూడిక లేదు. పొయ్యి రాజేయలేదు.

యోనా చదివాను. నీ కోపం న్యాయమేనా అని దేవుడు అడుగుతాడు. న్యాయమే, చచ్చేంత కోపం న్యాయమే అంటాడు యోనా. సంఘంలో చేరిన నాటి నుంచీ అందరూ ఆ జవాబుకి యోనాని తిట్టడమే విన్నాను. నాకు నచ్చాడు. దేవుడు అతనితో మాట్లాడటం మానలేదు, అది కూడా చూశాను. కోప్పడినవాణ్ణి లేచిపొమ్మనలేదు. విశ్రాంతి తీసుకోమనలేదు.

అయితే యోనా పందిరి కింద కూర్చుని కోప్పడ్డాడు. అబీగయీలు గాడిదెక్కింది. నేను రెండు రోజులుగా పందిరి కిందే ఉన్నాను.

అక్టోబరు 23, శుక్రవారం

మక్సాత్‌కి చెప్పలేదు.

పై లోయకి వెళ్ళే వ్యాను ఎక్కాను. జిపార్ పుట్టిల్లు అక్కడే. దాని తండ్రి తోకోన్ గుర్రాలు పెంచుతాడు. కూతురు బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి దాని పేరు ఎత్తలేదని అందరికీ తెలుసు. నాకు భయమే వేసింది.

కుక్క మొరిగింది. అతను గుర్రం కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని గిట్ట గీకుతున్నాడు. తల ఎత్తలేదు.

“ఎవరమ్మా?”

“మీ జిపార్ తోడికోడల్ని. కనిషాయ్‌ని.”

“నాకు జిపార్ అనే కూతురు లేదు. ఉన్నదాన్ని మీరు పట్టుకుపోయారు. నీళ్ళలో ముంచి మరీ పట్టుకుపోయారు.”

“ముంచినవాళ్ళం మేమే. కొడుతున్నవాళ్ళం కూడా మేమే. అది చెప్దామనే వచ్చాను.”

గిట్ట గీకడం ఆగింది.

“ఆ పాటలవాడా?”

“వాడే. నా మరిది.”

“ఎన్నాళ్ళుగా?”

“నాకు తెలిసి ఈ నెల. తెలియకుండా ఎన్నాళ్ళో.”

“తెలిశాక ఏం చేశారు?”

“ప్రార్థన చేశారు.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వితే బావుండేది. గుర్రం కాలు మెల్లగా కింద పెట్టాడు, గాజుసామాను పెట్టినట్టు. “వెళ్ళమ్మా,” అన్నాడు. “ఆఖరి వ్యాను పోతుంది.” వెనక్కి తిరిగి కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

అంతే. ఇంత దూరం వచ్చి, అంతే! రోడ్డు దాకా ఏడుస్తూ తిట్టుకుంటూ నడిచాను. అతన్ని, నన్ను, ఆ గుర్రాన్ని కూడా. వెనక నుంచి ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. జిపార్ తల్లి. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. ఎండు పెరుగుండల మూట నా చేతిలో కుక్కింది. చెవి సంగతి చెప్పాను.

“ఏ చెవి?” అంది.

“ఎడమది.”

తన ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.

అక్టోబరు 25, ఆదివారం

ఇది పూర్తిగా రాయాలి.

ఆరాధన మధ్యలో తలుపు తెరుచుకుంది. తోకోన్. తెల్లటి ఉన్ని టోపీ, చేతిలో గుర్రపు కొరడా. ఉర్మత్ పాడుతున్నాడు. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. పాట ఆపమనలేదు. ఒక్కొక్క వరుసా చూసుకుంటూ వచ్చి జిపార్ దగ్గర ఆగాడు. ఉర్మత్ వేళ్ళు తీగల మీద తడబడ్డాయి. పాట దానంతట అదే ఆగింది.

పాస్టర్ లేచాడు. “రండి పెద్దాయనా, కూర్చోండి. దేవుని సన్నిధిలో...”

“కూర్చోవడానికి రాలేదు. పిల్లా, స్కార్ఫ్ తియ్యి.”

జిపార్ కదల్లేదు. అతను మళ్ళీ అడగలేదు. నిలబడే ఉన్నాడు. చాలాసేపటికి జిపార్ తనే తీసింది. వరుసల్లో ఎవరో “అయ్యో” అన్నారు. ఇన్ని ఆదివారాలూ పక్కనే కూర్చున్నవాళ్ళు.

తోకోన్ ఉర్మత్ వైపు నడిచాడు. మగవాళ్ళు అడ్డంగా లేచారు, మక్సాత్ కూడా. అతను కొరడా పాస్టర్ చేతిలో పెట్టాడు. “ఇది పట్టుకో బాబూ. నా చేతిలో ఉంటే మంచిది కాదు,” అని కూతురి దగ్గరకొచ్చాడు. “పద, ఇంటికి.”

“మా సహోదరిని ఇలా బలవంతంగా...” అన్నాడు పాస్టర్. “అక్కడికెళ్తే విశ్వాసం వదిలేయమని ఒత్తిడి చేస్తారు. జిపార్, ఆలోచించుకో.”

జిపార్ లేచి నిలబడింది. తండ్రి మొహంలోకి చూసి చెప్పింది, పాస్టర్‌కి కాదు: “నాన్నా, నేను యేసుప్రభువుని వదలను. ఇతన్నే వదులుతున్నాను.”

అతని మీసం కదిలింది.

“మీ ప్రభువుని కూడా తెచ్చుకో,” అన్నాడు తోకోన్. “బండిలో చోటుంది.”

తమారా పెద్దమ్మ “ఆమేన్” అంది. ఒక్కతే. గట్టిగా.

నవంబరు 1, ఆదివారం

ఆరాధనలో రొట్టె పంచే ముందు పాస్టర్ ప్రకటన చదివాడు. జిపార్ అవిశ్వాసుల మధ్యకు వెళ్ళింది కాబట్టి క్రమశిక్షణ. ఇంటి గుట్టు అన్యుల చెవిన వేశాను కాబట్టి నాకూ క్రమశిక్షణ. ప్రభువు బల్లలో పాలు లేదు. ఉర్మత్‌కి? వాడు పశ్చాత్తాపపడ్డాడు కదా. రొట్టె తీసుకున్నాడు.

మక్సాత్ కూడా తీసుకున్నాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకునే ముందు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

నవంబరు 4

ఇంట్లో ఉప్పు కావాలంటే కూడా మేం మాట్లాడుకోవడం లేదు. ఉప్పు లేకుండా తింటున్నాం.

నవంబరు 8, ఆదివారం

మా ఆరాధనకి వెళ్ళలేదు. పై లోయకి వెళ్ళాను.

జిపార్ ఒళ్ళు చేసింది. తల్లి ఏది వండినా దాని ముందే పెడుతోంది. గోడ మీద తండ్రి నమాజు చాప వేలాడుతోంది. దాని కిందే జిపార్ బైబిలు. ఎవరూ దేన్నీ కదపలేదు.

“ఏదైనా చదువుదామక్కా,” అంది. లూకా తీసింది. దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషి, పక్క నుంచి తప్పుకుని పోయిన యాజకుడు, ఆగి కట్టు కట్టిన సమరయుడు. యాజకుడి దగ్గర ఆ వచనం మళ్ళీ చదవమన్నాను. తోకోన్ గడప మీద కూర్చుని జీను తోలు కుడుతున్నాడు. వినడం లేదని ముందే చెప్పాడు. అయిపోయాక సూది ఆపాడు.

“ఆ దొంగల్ని ఎవరూ పట్టుకోలేదా?”

“నువ్వు వినడం లేదన్నావుగా!” అంది భార్య.

“చెవులున్నాయి, పడింది. పట్టుకున్నారా లేదా?”

“రాయలేదు బాబాయ్,” అన్నాను.

“రాయకపోవడమేంటి? మంచివాడు కట్టు కట్టాడు, బాగుంది. ఆ దొంగలు రేపు మళ్ళీ ఆ దారిలోనే కూర్చుంటారుగా. ఇంకొకడు వస్తాడుగా.”

నేను ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! పొరుగువాణ్ణి ప్రేమించాలి, మతం చూడకూడదు, ఆగి సాయం చేయాలి అని చెప్పించేదాన్ని. ఆ దారి సంగతి ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జిపార్ పుస్తకం మూసింది. “ఉర్మత్ మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు,” అంది నెమ్మదిగా. అంతలోనే, “రేపు పొద్దున వ్యాను ఉందా నాన్నా?”

“వ్యాను ఎందుకు? నేను దింపుతాను.”

నవంబరు 9, సోమవారం

పోలీసు స్టేషనులో కుర్రాఫీసరు. మొగుడూ పెళ్ళాల గొడవ, సంసారం కూల్చుకోకండి, ఇంటికెళ్ళి సర్దుకోండి అన్నాడు. తాలాయ్ అన్న దగ్గర నేర్చుకున్నాడా ఏం?

తోకోన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “నేను గుర్రాలు కాసేవాణ్ణి బాబూ. నాకు తొందర లేదు. నువ్వు రాసేదాకా ఇక్కడే కూర్చుంటా.”

ఆఫీసరు కాగితం తీశాడు. జిపార్ చెప్పింది. తడబడకుండా చెప్పింది. కుడి చెవి అతని వైపు తిప్పి ప్రతి ప్రశ్నా విని చెప్పింది. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం తీసి అతని ముందు పెట్టింది.

“నువ్వెవరు?” అని నన్ను అడిగాడు.

“కొట్టినవాడి వదినని.”

“మరి ఇటు వచ్చావేం? ఎవరి తరఫు?”

“చూసినదాన్ని. నేను చూసింది రాసుకో.”

నవంబరు 11, బుధవారం

ఉర్మత్ కొట్టు దగ్గరకొచ్చాడు. జిపార్ జోలికి వెళ్ళకూడదని కాగితం చేతికిచ్చారట. కేసు కోర్టుకి వెళ్తుందట. గడ్డం పెరిగింది. కోముజ్ లేకుండా వాడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాయి.

“నువ్వే అన్నం పెట్టి పెంచావు వదినా. నన్ను జైల్లో వేయిస్తావా?”

గుండె పట్టేసింది. అబద్ధమెందుకు? పట్టేసింది.

“అన్నం పెట్టాను. ఆ బలం ఎవరి మెడ మీదకో పోతుందనుకోలేదు.”

“నేను పశ్చాత్తాపపడ్డాను.”

“అయితే ఆ మాట జడ్జికి చెప్పు. ఏం చేశావో అంతా చెప్పు. పెద్దల ముందు ఏడ్చినప్పుడు తాళం సంగతి చెప్పావా? చెవి అప్పటికి చిరగలేదులే.”

పక్క కొట్టువాడు చూస్తున్నాడని తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ నడక చిన్నప్పటిదే. సాయంత్రందాకా ఒక్క సాక్సు అమ్మలేదు.

నవంబరు 15, ఆదివారం

వెళ్ళాను. ఆఖరి వరుసలో కూర్చున్నాను. ఎవరూ పక్కన కూర్చోలేదు. తమారా తన పాత చోటు వదిలి కర్ర టకటకలాడిస్తూ వచ్చి నా పక్కన చేరింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేవబోయి, పాస్టర్ వైపు చూసి, తరవాత లేచే వచ్చారు.

ఉర్మత్ లేడు. పాటలు ఎవరో నడిపారు. శ్రుతి ఘోరం. కానీ మొదటిసారి పదాలు వినపడ్డాయి.

నవంబరు 19, గురువారం

మధ్యాహ్నం మక్సాత్ పనికి వెళ్ళే బట్టల్లో కాక మంచి కోటులో ఇంటికొచ్చాడు. విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఉప్పు అడగని రోజుల తరవాత మొదటి మాట:

“స్టేషనుకి వెళ్ళి వచ్చాను.”

పిండి పిసుకుతున్నాను. ఆపలేదు.

“ఆ రోజు, జిపార్‌ని దిగబెట్టిన రోజు. గేటు మూసి వీధి చివరికి కూడా రాలేదు. లోపల నుంచి అరుపు వినపడింది. నిలబడ్డాను. వెనక్కి వెళ్దామనుకున్నాను. తమ్ముడు ఇప్పుడే ప్రమాణం చేశాడు, నేను పొరపాటు విన్నానేమో అనుకుని వచ్చేశాను. నీతో అంతా బాగుందన్నాను.” గోడ వైపు చూస్తూ చెప్పాడు. “అది చెప్పి సంతకం పెట్టాను. అటు నుంచే తాలాయ్ అన్న దగ్గరకెళ్ళాను. సంఘ పెద్దగా నన్ను తీసేయమన్నాను.”

చేతులు పిండిలోనే ఉండిపోయాయి. అరుపు విన్నాడు. విని, ఇంటికొచ్చి, ద్రాక్షపళ్ళ పక్కన కూర్చుని, అంతా బాగానే ఉందన్నాడు! ఇన్ని రోజులు నా పక్కనే పడుకున్నాడు. గిన్నె తీసి అతని నెత్తిన వేయాలన్నంత కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. రేపూ ఉంటుంది. జిపార్ చెవి ఉన్నన్నాళ్ళూ ఉంటుందేమో.

“ఎవరైనా పంపారా నిన్ను?”

“లేదు.”

“మరి ఇప్పుడెందుకు వెళ్ళావు?”

“రొట్టె మింగుడు పడటం లేదు కనిషాయ్. ఆ ఆదివారం నుంచి.”

చేతులు కడుక్కున్నాను. కెటిల్ పొయ్యి మీద ఉంది. కప్పులో టీ పోసి అతని ముందు పెట్టాను. కప్పు వైపు చూసి, తరవాత నా వైపు చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

“సగమే పోశావు,” అన్నాడు. “నిండుగా పోసి లేచి పొమ్మంటావనుకున్నాను.”

“తాగు,” అన్నాను. “అయ్యాక మళ్ళీ పోస్తాను. నేను అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.”